లోపలి వరసలో బిళ్ళ

మా రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మ్యూజియం సేసిన పాత పెంకుటి క్వార్టరుందే — దీపాలేళ దాటితే దాని ముందు సైకిలాపీవోడు లేడు. తాళమేసిన గదిలోంచి టిక్... టిక్... మని సప్పుడు. ఎవుడో లోపలుండిపోయి పిలుస్తన్నాడని అందరిదీ ఒకటే మాట.

నాను నమ్మలేదు బావూ. మా ఎదురింటి పూజ సెప్పినాక మాత్రం రెండ్రోజులు ముద్ద దిగలేదు.

పూజ నాయనమ్మ సిలకమ్మకి ఎనభై దాటినాయి. ఆమె తొమ్మిదో ఏట, వాళ్ళయ్య పనిసేసే ఫౌండ్రీలో కొలిమి పేలిపోనాది; అయ్య ఇంటికి రాలేదు. కంట్రాక్టరు మర్నాడే తాళమేసి, "అందరూ బైటపడ్డారు. ఈడు పేలకముందే డూటీ దిగి ఎవత్తెనో లేవదీసుకుపోనాడు," అని సేతులు దులిపీసుకున్నాడు. ఆడి మొకం మండ! అప్పట్నించీ ఈమె లేచిపోనోడి కూతురు. పెళ్ళిపందిట్లోనూ అదే మాటన్నారు.

"అయ్య లేచిపోనాడో, కాలిపోనాడో తెలిస్తే సాలు, సుఖంగా సస్తాను," అనీది.

మొన్న ఆ ఫౌండ్రీ సామాన్లు మ్యూజియంలో పెట్టినారని విని, పూజని ఎంటబెట్టుకుని ఎల్లినాది. అప్పటికే మూసే ఏళ.

"జల్దీ సూసుకోండి మాసీ," అన్నాడు వాచ్‌మేన్ జెర్రీ.

అంతలో కరెంటు పోనాది.

టిక్... టిక్...

"ఏటే అది?" గుసగుసలాడినాది ముసిల్ది.

పూజ ఫోను లైటేసినాది. గోడమీద పనోళ్ళ ఇత్తడి బిళ్ళల పలక. పనికెక్కినప్పుడు లోపలి వరసలో తగిలించాల, దిగినప్పుడు బైటి వరసకి మార్చాల. బిళ్ళలన్నీ బైటి వరసలోనే ఉన్నాయి...

లోపలి వరసలో ఒక్కటే. అది ఊగుతున్నాది.

"గూడ్సు బండెల్తంది మాసీ, గోడదురుతాది. మిగతావి తీగతో కట్టీసినారు, ఇదొక్కటే వదులు," అన్నాడు జెర్రీ.

"నంబరెంతే?"

"నాలుగొందల పదిహేడు," సదివినాది పూజ.

సిన్నప్పుడు అయ్యకి కేరేజీ పట్టుకెల్లి, గేటుకాడ రోజూ కేకేసిన నంబరది. సిలకమ్మ కూలబడిపోనాది.

"ఓలమ్మో... లోపలే ఉండిపోనావా అయ్యా! డెబ్బయ్యేళ్ళు నిన్ను తిట్టుకున్నాను గదా..."

ఏడ్సి ఏడ్సి లేచి, బిళ్ళ తీసి బైటి వరసకి తగిలించినాది. "డూటీ అయిపోనాది. ఇంటికి రా అయ్యా."

జెర్రీ వద్దనలేదు.

మర్నాడు గోల్‌బజార్‌లో నువ్వులు కొని, తర్పణానికి ముందు ఆ బిళ్ళకో దండం పెట్టుకుంటానని మళ్ళీ ఎల్లినాది.

బిళ్ళ... లోపలి వరసలోనే ఉన్నాది.

దెయ్యం కాదు బావూ. మ్యూజియం సెక్రటరీగారే మార్పించినారు. "పాత వస్తువులమ్మా... ఉన్నవి ఉన్నట్టే ఉండాలి," అన్నారు, మర్యాదగానే. అని, పలక మీద అద్దం బిగించి తాళమేయించినారు.