సీసా మీద చీటీ

డ్రైవింగ్ స్కూలు టీచరమ్మ ఖాళీ సీసాని మందుల షాపు కౌంటరు మీద ఠక్కున పెట్టింది.

"ఏంటండీ ఇది?"

కొత్త ఫార్మసిస్టు చూశాడు. సీసా మీద తను అంటించిన చీటీ ఉంది: 'బలానికి'.

"మీ విటమిన్ బిళ్ళలే కదండీ. అప్పుడే అయిపోయాయా?"

"నేను మింగితే నెలంతా వచ్చేవి. మా తమ్ముడు మింగాడు! జిమ్ముకెళ్ళే వెధవ, బలానికని రాసుంటే ఊరుకుంటాడా?"

అతను గొంతు తగ్గించాడు. "నలుగురూ చూస్తే మీకు ఇబ్బందేమోనని అలా రాశానండీ..."

"ఇబ్బంది ఎవరికి? నాకా, మీకా?"

నెలసరికి ముందు వారం ఆమెకి నరకం. నడుం లాగేస్తుంది, ఊరికే ఏడుపొస్తుంది, నేర్చుకునేవాళ్ళ మీద కయ్యిమంటుంది. ఇంకొక్క ఫిర్యాదొస్తే ఇంటికి పొమ్మన్నాడు స్కూలు యజమాని. డాక్టరమ్మ క్యాల్షియం, బీ సిక్స్ కలిసిన బిళ్ళలు రాసి, మూడు నెలలు మానకుండా వాడితే గానీ గుణం తెలీదంది. రెండు నెలలకి కాస్త తెరిపిచ్చింది. సరిగ్గా ఇప్పుడు సీసా ఖాళీ!

వెనకున్న బట్టతలాయన నవ్వాడు. "పోనీలే బాబూ, ఆ రోజులు దగ్గరపడ్డట్టున్నాయి."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఈలోగా ఫార్మసిస్టే గట్టిగా అన్నాడు. "కాదండీ. తప్పు నాది. ఇలాంటి తప్పు చేస్తే ఏ రోజైనా, ఎవరికైనా కోపమొస్తుంది."

తన కోపాన్ని కోపమని ఒప్పుకున్న మగాణ్ణి చూడడం ఆమెకిదే మొదలు.

"స్టాకు లేదు. సాయంత్రానికి ఎక్కడున్నా తెచ్చిస్తాను," అన్నాడతను.

సాయంత్రం వానలో తడిసి ముద్దై స్కూలు కారు దగ్గరికొచ్చాడు. కొత్త సీసా మీద పెద్ద పెద్ద అక్షరాలు: 'నెలసరి ముందు బాధలకి. రోజుకొకటి. తమ్ముళ్ళు ముట్టరాదు.'

ఆమెకి నవ్వాగలేదు. "ఇంత వానలో నడిచొచ్చారా?"

"నాలుగు షాపులు తిరిగాను. బండి నడపడం రాదండీ. నేర్పుతారా?"

"నేను కేకలేస్తాను."

"తప్పు చేస్తే వెయ్యండి."

"ఆ వారం తప్పు లేకపోయినా వేస్తానేమో."

"వేస్తే వేశారు. నేనో చీటీ రాసి కారుకి అంటించుకుంటాను."

"ఏమని?"

అతను చెవుల దాకా ఎర్రబడ్డాడు. "ఈవిడంటే నాకిష్టం అని. చీటీల మీద అబద్ధాలు రాయడం మానేశాను."

ఆమె సీసాని బ్యాగులో వేసుకుని, కారు తలుపు తెరిచింది.

"ముందు ఎక్కండి మహానుభావా, జలుబు చేస్తుంది. దానికి మందు మీ షాపులో ఉందో లేదో!"