మూడో నంబర్ సాంచ

"కరెంటోళ్లా మీరు?" షెడ్డు కిటికీల నుంచి అరిచింది భవ్యశ్రీ. "మూడు రోజులాయె, మా గోడకు చెవి పెట్టి నిలవడవట్టి!"

"కరెంటోన్ని కాదు! బేస్ గిటార్ వాయిస్త! ప్రణయ్, బెల్లంపల్లి! మీ మూడో సాంచ చప్పుడు కోసం వచ్చిన!" నేను సుత అరిచిన. సాంచాలంటే మరమగ్గాలు. వాటి కాడ అరవకుంటే మాట వినవడది.

"సిరిసిల్లల సాంచ చప్పుడు కోసం నిలవడేటోళ్లను మిమ్ములనే చూసిన! మేం చెవుల దూది పెట్టుకుంటం!"

నవ్వింది. నా పని ఖతం.

ఒట్టు, ఆ సాంచ నాలుగో దెబ్బ జర ఆగి వేస్తది. ఆ కుంటు నడక మీదనే నేనొక జాజ్ బాణీ కడుతున్న. మాటల్లేవ్, మెత్తగ సాగుతది.

ఇరవై రోజులు షెడ్డుకు తిరిగిన. నూలు కండెలు మార్చుకుంట ఆమె "ఇంక కాలేదా మీ పాట?" అనుడు, నేను "జర ఉన్నది" అనుడు. పాట ఎప్పుడో అయిపోయింది. ఆ ముచ్చట చెప్తే రేపు ఎట్ల రావాలె?

ఒకనాడు వాళ్ల బాపు సిద్దిరాములు ముంగట నోరు జారిన. "కాకా, మీ మూడో సాంచ కుంటుతది చూడు, ఎంత మంచిగుంటదో!"

కాక మొఖం మాడింది. నలభై ఏండ్ల నుంచి నేస్తుండు మరి. పానా తీసి నట్టు బిగించిండు. టక టక టక టక. "ఇగ సాఫ్!"

నాకు ఏడుపొక్కటే తక్కువ.

తెల్లారి, ఆఖరుసారి చూసి పోదామని పోయిన. గల్లీ మలుపులనే వినవడ్డది. టక టక టక... టక్. ఉరికిన.

కాక తల గోక్కుంటుండు. భవ్యశ్రీ చున్నీ కింద పానా, చేతుల నిండ గ్రీసు.

"పాట పదిహేను రోజుల కిందనే అయిపోయింది!" అరిచిన.

"ఎరుకే! రోజు అదే కూనిరాగం తీస్తరు గదా!"

"మరి నట్టెందుకు వదులు చేసిన్రు?"

"నువ్వెందుకు రోజు వస్తున్నవ్?"

నువ్వు అన్నది! ఇగ ఆగలే. ఉన్న బలమంత పెట్టి, "నువ్వంటే నాకు పానం!" అని అరిచిన.

సరిగ్గ గప్పుడే కరెంటు పోయింది. సాంచాలన్ని ఆగినయ్. నా మాట ఒక్కటే షెడ్డంత మిగిలింది.

కాక మెల్లగ వచ్చి చెయ్యి చాపిండు. "బిడ్డా, పానా ఇటియ్యి."

ఇచ్చింది. దాన్ని అంగి జేబుల వేసుకున్నడు.

"ఆ నట్టు ఇగ నేను బిగియ్య. పిలగా, ఐతారం మీ అవ్వను, బాపును తోలుకరా. గా గిటార్ సుత తే. మా సాంచ పాట నేను సుత వినాలె గదా."