ఆదివారం ఆవిడ

మా అబ్బాయి రాదిమ్‌ని ఆ రోజు బతికించింది దరీనా. చంపబోయింది వాడి ఫోను.

ముప్ఫై ఒక్కేళ్ళవాడు. బ్ర్నో నగరంలో సాఫ్ట్‌వేర్ పని. వారానికి నాలుగు రోజులే ఆఫీసు, మిగతా మూడు రోజులూ జీవితం అట. ఇరవై తొమ్మిదేళ్ళు బడి వంటశాలలో గరిటె తిప్పాను, నా జీవితం ఏ మూడు రోజుల్లో ఉందో ఎవరూ అడగలేదు. వాడు మాత్రం సైకిలు మీద ఏడు దేశాలు తిరిగాడు. ఏ లోయలో పడ్డాడో అని నేను గుండె పట్టుకుని కూచుంటే, కొండ మీద కాఫీ తాగుతున్న ఫొటో పంపేవాడు.

గురువారం సాయంత్రం మా వూరు వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా చేతిలో ఒక కొత్త వింత. ఒకసారి మాట వినే దీపం తెచ్చాడు. "వెలుగు" అంటే వెలుగుతుంది. దొంగ వచ్చి "ఆరిపో" అంటే వాడి మాటా వింటుందా అని అడిగాను. నవ్వి ఊరుకున్నాడు. ఇంకోసారి నిద్రని కొలిచే ఉంగరం. పొద్దున్న లేచి, రాత్రి తనకి నిద్ర పట్టిందో లేదో ఆ ఉంగరాన్ని అడిగి తెలుసుకునేవాడు.

సెప్టెంబరులో వానలు పడి ఆగాయి. అప్పుడు మా చెక్ వాళ్ళ కాళ్ళు ఇంట్లో నిలవవు. బుట్ట, చాకు పట్టుకుని అందరూ అడవిలో పుట్టగొడుగులకే. రాదిమ్ కూడా బయలుదేరాడు, చాకు లేకుండా, ఫోనుతో. ఫొటో తీస్తే మంచిదో విషమో చెప్పే యాప్ దొరికిందట. వాడు తిని పడిపోతే మోసుకురావడానికి ఒక మనిషి ఉండాలి కదా! ఇరవై అడుగులు వెనక నేనూ నడిచాను.

ఓక్ చెట్టు కింద లేత ఆకుపచ్చ టోపీతో ఒకటి మొలిచి ఉంది. ఫొటో తీశాడు.

"చూడమ్మా, తొంభై ఆరు శాతం తినొచ్చు అంటోంది."

"మిగతా నాలుగు శాతానికి శవపేటిక కూడా అదే పంపిస్తుందా అండీ?"

చెట్టు వెనక నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఎర్ర రబ్బరు బూట్లు, తడి జుట్టు నుదుటికి అతుక్కుని ఉంది. మా వూరి మందుల దుకాణంలో పనిచేసే దరీనా. సోమవారం మధ్యాహ్నాలు గ్రంథాలయంలో కూచుని, జనం ఏరుకొచ్చిన పుట్టగొడుగులు చూసి ఏది తినాలో, ఏది పారెయ్యాలో చెబుతుంది.

"ఇది నిపుణులు తయారుచేసిందండీ," అన్నాడు మావాడు గొంతు సవరించుకుని.

"వాళ్ళు తిన్నారా?"

"పరీక్షించారు."

"ఫొటోల మీద. ఇది తిన్న పూట బాగానే ఉంటుంది. మర్నాడు కడుపు తిప్పేస్తుంది. ఆ తర్వాత తగ్గినట్టే ఉంటుంది. ఇంకో రెండు రోజులకి, మీ యాప్‌కి నక్షత్రాలివ్వడానికి మీరుండరు."

నేను అక్కడే నాచు మీద కూలబడ్డాను.

"ఎవరండీ ఆవిడ?"

"మా అమ్మ."

"మీ ఇద్దరిలో బుద్ధి ఆవిడకే ఉంది. కనీసం భయపడుతున్నారు."

మావాడు చెవుల దాకా ఎర్రబడ్డాడు. కోపమనుకున్నాను. కాదని సోమవారం తెలిసింది. ఆఫీసుకి సెలవు పెట్టి, గ్రంథాలయంలో వరసలో నిలబడ్డాడు. ఆ వారం ఒక పుట్టగొడుగు, పై వారం ఇంకొకటి. మూడో వారం నేను పుస్తకాల బీరువా వెనక ఉన్నాను, ఊరికే, ఏమైనా అవుతుందేమోనని.

"ఇది సూపర్‌మార్కెట్‌లోదండీ," అంది దరీనా.

"అడవిలోనే దొరికింది."

"ధర చీటీతో మొలిచిందా?"

వాడు దాన్ని తిప్పి చూసుకున్నాడు. "సరే. దీన్ని ఎలా వండాలో చెప్పండి."

"వెన్నలో వేయించండి. వెన్నంటే ఏమిటో చెప్పే యాప్ ఉందా?"

"లేదు. మీరే వచ్చి చూపించాలి."

వరసలో వెనకున్న ముసలాయన బుట్టతో బల్ల మీద కొట్టాడు. "నాయనా, పెళ్ళి మాటలు బయటికెళ్ళి మాట్లాడుకోండి. నా సరుకు పురుగులు పట్టిపోతోంది!"

దరీనా తల వంచుకుని నవ్వింది. నేను పుస్తకం తలకిందులుగా పట్టుకున్నానని గ్రంథాలయం ఆవిడ చెబితే తెలిసింది.

అక్టోబరు వచ్చేసరికి "మీరు" కాస్తా "నువ్వు" అయింది. ఒక శుక్రవారం వాడు బూట్లు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చాడు.

"అమ్మా, దరీనా నన్ను వాళ్ళ తాతయ్య పుట్టగొడుగుల చోటుకి తీసుకెళ్ళింది. వాళ్ళ అన్నయ్యకి కూడా తెలీదట!"

మావాళ్ళు జీతమెంతో చెబుతారు, రోగమేమిటో చెబుతారు. పుట్టగొడుగులు మొలిచే చోటు మాత్రం చెప్పరు. నా చోటు నేను నలభై ఏళ్ళుగా సొంత చెల్లెలు యర్మిలాకి చెప్పలేదు. అయినా అది కనిపెట్టేసిందని నా నమ్మకం. ఆదివారం నేను వెళ్ళేసరికి సగం ఎవరో కోసుకుపోయి ఉండేవి. అందుకే పదకొండేళ్ళుగా క్రిస్మస్‌కి దాని గడప తొక్కలేదు.

కాబట్టి దరీనా చేసిన పని, ఉంగరం తొడగడం కంటే పెద్దది. సంతోషించాలి నేను. కానీ ఇంత పెద్ద రహస్యం వీడి దగ్గర ఆగుతుందా అని నా భయం.

మర్నాడు బ్ర్నో నుంచి పదకొండు కార్లు వచ్చాయి. చేతుల్లో తోట గొర్రులతో జనం దిగి తాతయ్య చోటుని పంది తవ్వినట్టు తవ్విపోశారు. మావాడు చేతికి పెట్టుకున్న వాచీ నడిచిన దారంతా ఇంటర్నెట్ మ్యాప్‌లో బొమ్మ గీసి లోకమంతటికీ చూపించిందట. ఆ బొమ్మ కింద మావాడే రాశాడు: "నా జీవితంలో అన్నిటికంటే అందమైన చోటు."

సాయంత్రం దరీనా మా గుమ్మంలోకి వచ్చింది. కేకలు లేవు.

"రాదిమ్ గారున్నారా?"

ఆ "గారు" వినగానే, "నువ్వు" పోయిందని నాకు అర్థమైంది.

"దరీనా, అది సెట్టింగ్ పొరపాటు. అందరికీ కనబడేలా ముందే ఉంటుంది, మనమే మార్చుకోవాలి, నేను…"

"మా తాతయ్య డెబ్భై ఏళ్ళు నోరు మూసుకున్నారు. ఆయనకి ఏ సెట్టింగూ అక్కర్లేకపోయింది."

"నేను సరిచేస్తాను."

"మ్యాప్‌ని సరిచేస్తారు, తెలుసు. మిమ్మల్ని నమ్మిన నా బుద్ధిని ఎలా సరిచేస్తారు?"

అని గుమ్మం దిగి వెళ్ళిపోయింది.

మూడు రోజులు కూచుని వాడు ఆ దారి చెరిపేశాడు. అంతటితో ఆగక, మ్యాప్ నిండా రెండు వందల దొంగ "అందమైన చోట్లు" పెట్టాడు. ఒకటి బురదగుంటలో, ఒకటి సిమెంటు గోదాం వెనక, ఒకటి సరిగ్గా వాళ్ళ ఆఫీసు పెద్ద గారి వారాంతపు ఇంటి పెరట్లో. పై శనివారం బ్ర్నో వాళ్ళు ఒంటి బూటుతో బురదలోంచి బయటికొస్తుంటే ఊరంతా నవ్వింది. దరీనా నవ్వలేదు. మందుల దుకాణంలో వాడు రెండుసార్లు దగ్గు మందు కొన్నాడు. రెండుసార్లూ ఆ పిల్ల సీసా వంకే చూసి ఇచ్చింది.

నాకు కళ్ళ ముందు కనబడిపోయింది. వీడికి పెళ్ళి కాదు. అరవయ్యో ఏట ఆ దీపంతో మాట్లాడుకుంటూ ఉంటాడు. అది కూడా ఒకరోజు విసిగిపోయి వాడితోనే "ఆరిపో" అంటుంది.

నేనే దుకాణానికి వెళ్ళాను.

"దగ్గు మందా అండీ?" అంది.

"కాదమ్మాయ్. ఆదివారం పొద్దున్న ఖాళీయేనా? నా చోటు చూపిస్తాను."

దుకాణంలో ఉన్న ముగ్గురూ ఒక్కసారి నా వైపు తిరిగారు. దరీనా చేతిలో మాత్రల డబ్బా అలాగే ఉండిపోయింది.

"మీ చెల్లెలికే చెప్పలేదంటారు కదా వ్లస్తా గారూ!"

"మావాడు నీ చోటు పోగొట్టాడు. నాది నీకిస్తున్నాను. వాడికి చూపించను."

ఆదివారం రాదిమే కారు నడిపాడు. అడవి మొదట్లో శిలువ ఉన్న చిన్న గుడి దగ్గర దరీనా చెయ్యి చాచింది.

"ఫోను." ఇచ్చాడు. "వాచీ." ఇచ్చాడు. "ఆ ఉంగరం."

"పెళ్ళికి ముందే ఉంగరం తీయించుకుంటున్న మొదటి మగాణ్ణి నేనే అయ్యుంటాను."

"పెళ్ళని ఎవరన్నారండీ? ఇక్కడే కూచోండి."

అన్నీ నా కోటు జేబులో పడ్డాయి. పేలతాయేమోనని భయపడుతూనే నడిచాను. మేమిద్దరం వాగు దాటాం. పడిపోయిన చెట్టు దగ్గర నేను మలుపు తిరగాలి, కానీ నాకంటే ముందే దరీనా తిరిగింది. ఈ పిల్లకెలా తెలుసు? చోటుకి చేరాక ఆ పిల్ల మోకాళ్ళ మీద కూచుని, నేల మీద నాచు పొర నెమ్మదిగా ఎత్తి చూసింది. కింద, పోయిన ఆదివారం నేను కోసిన పుట్టగొడుగు మొదలు ఉంది.

"నాచు కప్పేది మీరేనా?"

"మా అమ్మ నేర్పింది. అలా వదిలేస్తే నేల ఎండిపోతుందని."

దరీనా కళ్ళు మెరిశాయి. "ఇది తాతయ్య రెండో చోటు. మేం శనివారం వస్తాం. సగం మించి కోయనివ్వరు. 'మిగతాది ఆదివారం ఆవిడకి వదిలెయ్యి, ఎవరో గానీ శుభ్రమైన మనిషి, నాచు కప్పి మరీ పోతుంది' అంటారు. ఇప్పుడు మోకాళ్ళు పోయి రాలేకపోతున్నారు. అయినా ప్రతివారం అడుగుతారు, ఆదివారం ఆవిడ వచ్చిందా అని."

నేను దాని పక్కనే కూచుండిపోయాను. పదకొండు క్రిస్మస్‌లు. పాపం యర్మిలా.

ఇంతలో దూరంగా కేక. "అమ్మా! దరీనా! ఎక్కడున్నారు?" ఏడు దేశాలు తిరిగినవాడు గుడి నుంచి రెండు వందల అడుగుల్లో దారి తప్పాడు.

దరీనా నా మెడలో గుడ్డ లాక్కుని వెళ్ళింది. కాసేపటికి, కళ్ళకి నా పూల గుడ్డ కట్టించుకుని, దాని చెయ్యి పట్టుకుని మావాడు అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చాడు.

"ఎటు వెళ్తున్నాం?"

"చెప్పను."

"ఎప్పటికీ చెప్పవా?"

"ఎప్పటికీ."

"అయితే ఎప్పటికీ ఇలాగే తీసుకురా. నాకు దారి అక్కర్లేదు దరీనా, నీ చెయ్యుంటే చాలు."

"బాగుంది మాట. ఏ యాప్ చెప్పింది?"

"యాప్‌లన్నీ అమ్మ జేబులో ఉన్నాయి."

అప్పుడు నవ్వింది. పదిహేను రోజుల తర్వాత. "నువ్వు మారవు," అంది.

నువ్వు! నేను ఆ మాట దగ్గరే ఆగిపోయి, "ఒరేయ్, కొమ్మ!" అని అరవడం కాస్త ఆలస్యమైంది. నుదురు బొప్పి కట్టింది. ఏదో ఒకటి తగులుతుందని నేను మొదటినుంచీ అంటూనే ఉన్నాను. గుడ్డ విప్పకుండానే దరీనా ఆ బొప్పి మీద ముద్దు పెట్టింది. నేను పుట్టగొడుగుల వైపు తిరిగాను.

ఆ సాయంత్రం సోయికూర వేసి పుట్టగొడుగుల చారు కాచాను. వాళ్ళిద్దరూ తింటుండగా యర్మిలాకి ఫోన్ చేసి, అనుమానించినందుకు క్షమించమన్నాను. అది ఏడ్చింది. నేనూ ఏడ్చాను. క్రిస్మస్‌కి రమ్మంది, పెళ్ళికి కేకులు తానే చేస్తానంది.

"ఇంతకీ అక్కా, ఆ చోటెక్కడే?" అంది ముక్కు చీదుకుంటూ.

"హలో? యర్మిలా? ఏమీ వినబడట్లేదే," అన్నాను.