తాళం వేయని తలుపు

గండిపేట రోడ్డు మీద అరుణజ్యోతి జీపును లారీ నలిపేసిన రోజున భిక్షం మళ్లీ హంతకుడైపోయాడు.

అంతకుముందు కాదని కాదు. చేవెళ్లలో పొలం గట్టు తగాదాలో పెదనాన్న కొడుకును నరికి చంపింది అతనే. యావజ్జీవం పడింది. ఏళ్ల తరబడి మగ్గాక ఇంటెలిజెన్స్ ఆఫీసర్ అరుణజ్యోతి అతన్ని జైలు నుంచి గుట్టుగా తప్పించింది. లోకం దృష్టిలో పారిపోయిన ఖైదీ, నిజానికి ఆమె ఏజెంట్. తను అప్పగించిన ఆపరేషన్ ముగిస్తే శిక్ష రద్దు చేయిస్తానని, చేవెళ్లలోని తల్లి వసంతమ్మ దగ్గరికి పట్టపగలే నడిచి వెళ్లొచ్చని మాటిచ్చింది. ఆ మాట కూడా జీపుతోనే పోయింది.

ఇక అతనెవరో తెలిసిన మనిషి ఒక్కతే మిగిలింది: అరుణజ్యోతి కిందే పనిచేసిన సీక్రెట్ ఏజెంట్ సంజన. చిన్న మంగళారం ఫామ్‌హౌస్‌లో ఈవెంట్ మేనేజర్‌గా ఉంది. ఆ సాయంత్రం అక్కడ మిసైల్ శాస్త్రవేత్త సాయిచంద్‌కు సన్మానం. ఆయన్ని లేపేయడానికి ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది. దాన్ని అడ్డుకోవడానికే భిక్షం చెవిటి తోటమాలి వేషంలో గులాబీల ట్రాలీ తోసుకుంటూ లోపలికి చేరాడు. చెవి మిషన్‌లో రేడియో ఉంది. అరుణజ్యోతి పోయినప్పటి నుంచి అది మూగబోయింది.

"పూలు వాడినయా?" పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకుంటూ అడిగింది సంజన. ఆ అందానికి గార్డులు కూడా దారి వదులుతారు.

"ఇంక తడి మీదున్నయి." కోడ్‌వర్డ్ కుదిరింది.

"ఫికర్ జెయ్యకు భిక్షమన్నా. పని అయినంక నీ గురించి పైవాళ్లకు నేనే చెప్త. జర కోల్డ్ రూంల ఉండు, పిలుస్త."

తలుపు మూసి వెళ్లింది. పూల బకెట్ల మధ్య, చలిలో, తలుపుకేసి చూస్తూ నిలబడ్డాడు భిక్షం. జైల్లో తలుపు తీయడం ఖైదీ పని కాదు. ఎవరో తీస్తారు, అప్పటిదాకా నిలబడాలి.

ఉన్నట్టుండి చెవిలో రేడియో గరగరలాడింది. సంజన గొంతు, ఎవరితోనో ఫోన్‌లో! చీర పిన్నులోని మైకు ఆపలేదు. చచ్చినామె ఛానల్‌ను ఇంకెవరు వింటారనుకుందో!

"బొకేలనే ఉన్నది బాంబు. సాయిచంద్ చేతిల పెట్టి స్టేజి దిగుత... వాడా? వాని మీదనే పడుతది నేరం. పారిపోయిన హంతకుడు, గింతకన్న ఏం గావాలె?" నవ్వింది. "తాళమా? ఎందుకు? జైలు మనిషి. ఎవలన్న తీసేదాక అట్లనే నిలవడ్తడు."

భిక్షం చేయి చాచి తోశాడు. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. అంత తేలిగ్గా తెరుచుకున్నందుకు ఏడుపొచ్చింది అతనికి.

స్టేజీ మీద సంజన చేతిలోంచి బొకే లాక్కున్నాడు. "సార్, బాంబు!" అని అరుస్తూ తోట వెనకున్న నీటి కుంట వైపు ఉరికాడు. గులాబీల కింద టైమర్ ఎర్రగా మెరుస్తోంది.

చెవిలో మళ్లీ ఆమె గొంతు. అతను అంతా విన్నాడని అర్థమై, ఈసారి బతిమాలుతూ. "వాపస్ తే అన్నా! నేను దొరికిపోతే నీకు సాక్షి ఉండదు. మీ అవ్వను సూడవా?"

తల్లి గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తున్నట్టే అనిపించింది. బొకేను బలంకొద్దీ కుంటలోకి విసిరాడు. టైమర్ చివరి అంకెకు బాంబు పేలి నీళ్లు తాటిచెట్టెత్తు లేచాయి.

సంజనకు బేడీలు వేశాక ఎస్సై తన ఫోన్‌లోని పరారీ ఖైదీ ఫొటోనూ భిక్షం ముఖాన్నీ మార్చి మార్చి చూశాడు.

"నేను అరుణజ్యోతి మేడం మనిషిని సార్. కావాలంటె ఈమెను అడుగుండ్రి," అన్నాడు భిక్షం సంజనను చూపిస్తూ.

సంజన తల తిప్పుకుంది. "ఈయనెవలో నాకు తెల్వదు."

"నా పానం కాపాడిండయ్యా!" అన్నాడు సాయిచంద్.

"అది వేరే కేసు సార్. గిది జైలు కేసు," అన్నాడు ఎస్సై.

పోలీసు వ్యాన్ చేవెళ్ల మీదుగానే పోతుందని ఎవరో అన్నారు. కానిస్టేబుల్ తాళంచెవుల కోసం జేబులు తడుముకుంటుంటే, భిక్షం వెనక తలుపు తనే తీసుకుని ఎక్కి కూర్చున్నాడు. నిలబడే అలవాటు పోయింది, కాకపోతే కాస్త ఆలస్యంగా.