తగ్గే ధర, ఆగిన కుర్చీ

పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని ఫోన్లో బ్యాటరీల ధరలు చూడనిదే అతనికి తెల్లవారదు. బ్యాటరీల దుకాణంలో పనాయె! ఏది కొనాలన్నా "ఆగుదాం" అంటాడని భార్య అతనికి ఆ పేరే పెట్టింది.

"ఇంకా దిగాయే!" అన్నాడు సంబరంగా.

"దిగితే కొనొచ్చుగా, ఆగుదాం గారూ!"

అతని తండ్రి కరెంటు చక్రాల కుర్చీలో బ్యాటరీ పోయి ఎండాకాలం దాటింది. కుర్చీ నడిచినన్నాళ్లూ పెద్దాయన ఒక్కడే వీధి చివరికెళ్లి, స్నేహితులతో హాయిగా పోట్లాడి వచ్చేవాడు. ఇప్పుడు కిటికీ దగ్గరే కూర్చుంటున్నాడు.

"ఏటా తగ్గుతున్నాయి. తొందరపడి కొంటే నలుగురూ నవ్వుతారు."

"ధర తగ్గుతుంది సరే, మామయ్య వయసు తగ్గుతుందా? దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలండీ. ఆయన అడగడం కూడా మానేశారు, చూశారా?"

"నా పని నాకు నేర్పకు!" అని విసురుగా లేచి వెళ్లిపోయాడు. నిజం మాట ఎవరికైనా చేదే మరి.

మధ్యాహ్నం భార్య ఫోన్ చేసింది. "మామయ్య ఇంట్లో లేరండీ! కుర్చీ కూడా లేదు!"

అతను దుకాణంలో బేరం మధ్యలో వదిలి బయటికి పరిగెత్తబోయాడు. అప్పుడే తండ్రి కూర్చున్న కుర్చీ వచ్చి దుకాణం గుమ్మం ముందు ఆగింది. వెనక పక్కింటి మేస్త్రీ, తోసి తోసి రొప్పుతున్నాడు.

"దొరికారే! ఇక్కడే ఉన్నారు," అని ఫోన్లో చెబుతుంటే అతని కళ్లు నీళ్లతో నిండిపోయాయి.

పెద్దాయన కొత్త బేరగాడిలా గొంతు సవరించుకున్నాడు. "ఏం బాబూ, బ్యాటరీ ఇప్పుడు కొనమంటావా, ఆగమంటావా?"

దుకాణం నిండా జనం. రోజూ అందరికీ చెప్పే మాటే అతని నోట వచ్చేసింది. "ధర తగ్గుతూనే ఉంటుంది సార్. కానీ అవసరం ఇవాళైతే ఇవాళే..."

కిందకి వంగి, తనే పాత బ్యాటరీ తీసి కొత్తది బిగించాడు. కుర్చీ కదిలింది.

"నన్ను తిట్టు నాన్నా," అన్నాడు.

"ఇప్పుడు తీరిక లేదురా, వీధి చివర వాళ్లతో చాలా పోట్లాటలు బాకీ ఉన్నాయి." పెద్దాయన కొడుకు తల నిమిరాడు. "ధర బాగా తగ్గాక ఇంకోటి కొందువులే. అప్పటిదాకా నేనుంటాగా!"