అర మార్కు కోత

చీఫ్ టేబుల్ మీద రెండు ఫోటోలు బోర్లించి ఉన్నాయి. మూడోది మాత్రం ఇంకా తిరగెయ్యలేదు. అందులో వంటవాడి టోపీ పెట్టుకుని పళ్ళికిలిస్తున్నవాడు చిలకకి స్వయానా బావమరిది.

"ఇద్దరు పోయారు. మూడోవాడి వంతు ఈరోజే," అన్నాడు చీఫ్.

చిలక అన్నది క్లాసులో పడ్డ పేరు. డిపార్ట్‌మెంట్‌లో చేరిన కొత్తలో అతని ఇంగ్లీషు అంతంత మాత్రం. పాతకాలపు ఇంగ్లీషు నుడికారాలన్నీ అర్థమైనా కాకపోయినా బట్టీ కొట్టేవాడు. లాంగ్వేజ్ సెక్షన్ మేడం ఒకరోజు నవ్వి "చిలకా" అని పిలిచింది. అదే కోడ్ నేమ్‌గా రికార్డుల్లోకి ఎక్కింది. పులి, డేగ లాంటి పేర్లున్న తోటి ఏజెంట్లు ఇప్పటికీ ఆటపట్టిస్తూనే ఉంటారు.

చీఫ్ ఓ ఇంటర్‌సెప్ట్ కాగితం, గాల్లో పట్టుకున్న వైర్‌లెస్ మెసేజ్, ముందుకు తోశాడు. రేవుకి అరమైలు దూరంలో ఒక విదేశీ సరుకు ఓడ లంగరేసి ఉంది. రేవు డిఫెన్స్ మ్యాపులు కొట్టేస్తున్న ముఠాకి అదే అడ్డా. బావమరిది అందులో వంటవాడి వేషంలో చేరి రెండు నెలలైంది. ముఠా నాయకుడు ఓ ముసలి కెప్టెన్. వైర్‌లెస్‌లో వందేళ్ళనాటి నావికుల ఇంగ్లీషు తప్ప మాట్లాడడు. డీకోడింగ్ మెషీన్లు నడిపే కుర్రవాళ్ళు ఆ ముక్కల దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు నములుతారు.

"ద న్యూ కుక్ గోస్ టు డేవీ జోన్స్ లాకర్ టుడే, వెన్ ద సన్ ఈజ్ ఓవర్ ద యార్డ్ ఆర్మ్," చీఫ్ చదివాడు. "ఏంటిది?"

సగం వినేసరికే చిలకకి అర్థమైంది. డేవీ జోన్స్ లాకర్ ఏ బ్యాంకులోనూ ఉండదు. అది సముద్రం అడుగు. కొత్త వంటవాడిని ముంచేస్తారు. ఎప్పుడు?

"మేడంని పిలవండి," అన్నాడు.

మేడం వచ్చింది. ముత్యాల కమ్మలు, తెల్ల సిల్కు స్కార్ఫ్, ఎవరినీ ముట్టుకోనివ్వని లావుపాటి ఎర్ర పెన్ను. ఆమె కారిడార్‌లో నడిస్తే టైపిస్టుల వేళ్ళు ఆగిపోతాయి. చిలకకి మాత్రం తోడబుట్టిన అక్క లాంటిది. నలుగురిలో నోరు విప్పడానికి భయపడేవాడికి ఓపిగ్గా మాట నేర్పింది ఆమే.

"యార్డ్ ఆర్మ్ అంటే తెరచాప కట్టే అడ్డదుంగ," పెన్నుతో గాల్లో గీత గీసింది. "సూర్యుడు దాని మీదికి వాలాడంటే పొద్దుగూకినట్టే. నావికులు సీసా మూత తీసే వేళ. సాయంత్రం ఆరు."

చిలకకి తను నేర్చుకున్నది ఇంకోలా గుర్తు. "ఆరేనా మేడం?"

"నా మీద నమ్మకం లేదా చిలకా?"

"అయ్యో, అదేం మాట!"

చీఫ్ ఊపిరి పీల్చుకున్నాడు. విదేశీ ఓడ ఎక్కాలంటే కోర్టు ఆర్డర్ కావాలి. అది రెండింటికి గానీ చేతికి రాదు. "నేను కోర్టుకి వెళ్తున్నా. నాలుగింటికి బోట్లు రెడీ. అందాకా ఎవరూ కదలొద్దు."

సీట్లో కూర్చున్నాడన్న మాటే గానీ చిలకకి ముళ్ళ మీద ఉన్నట్టుంది. తన జ్ఞాపకమే తప్పని సరిపెట్టుకోవాలని చూశాడు. కుదరలేదు. దిద్దిన టీచరు మరిచిపోతుందేమో గానీ, మార్కు పోగొట్టుకున్నవాడు జన్మలో మరిచిపోడు. డ్రాయర్ అడుగు నుంచి పాత నోట్‌బుక్ లాగాడు.

నలభై ఒకటో పేజీ. 'సన్ ఓవర్ ద యార్డ్ ఆర్మ్: సాయంత్రం' అని తన గుండ్రటి అక్షరాలు. వాటి మీద అడ్డంగా ఎర్ర గీత. పక్కన మేడం దస్తూరీ. 'తప్పు. పొద్దున పదకొండు. సూర్యుడు అడ్డదుంగ మీదికి ఎక్కే వేళ, దిగే వేళ కాదు. అర మార్కు కోత.'

గోడ గడియారంలో పదీ పదిహేను.

లాంగ్వేజ్ సెక్షన్‌కి పరిగెత్తాడు. ఆమె మరిచిపోయి ఉంటుంది, అంతే, ఇంకేం కాదు అని దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాడు. కుర్చీ ఖాళీ. అనువాదానికని తెప్పించుకున్న రేవు మ్యాపుల గొట్టం కూడా లేదు. పోయిన ఇద్దరి మెసేజ్‌లకీ అర్థం చెప్పింది ఎవరు? ఈవిడే. ఆ రెండుసార్లూ మనవాళ్ళు వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

చిలకకి కోపం కంటే ముందు ఏడుపొచ్చింది. ఫోటోలో ఉన్నది ఎవరో ఆమెకి తెలుసు. వాడి పెళ్ళికి వచ్చి, తన పక్కన కూర్చుని భోంచేసి వెళ్ళింది. ఆ మనిషే ఇందాక తన కళ్ళలోకి చూస్తూ సాయంత్రం ఆరు అంది.

కోర్టులో చీఫ్ ఫోన్‌కి దొరకడు. ఆఫీసు డ్రైవర్ చేతిలో చీటీ పెట్టి కోర్టుకి తరిమాడు. 'ఆరు కాదు, పదకొండు. మేడం వాళ్ళ మనిషి. ఆర్డర్ ఉన్నా లేకపోయినా రండి.'

ఏ ఆర్డరూ లేకుండా ఏ ఓడైనా ఎక్కగలిగేవాడు రేవులో ఒక్కడే. ఎలుకల ఇన్‌స్పెక్టర్. పదీ యాభైకి ఖాకీ కోటు, అతికించిన మీసం, వీపున పొగ డబ్బా, చేతిలో పెద్ద ఇనప బోనుతో చిలక పడవలోంచి ఓడ నిచ్చెన ఎక్కాడు.

"ఎలుకలున్నాయని కంప్లయింట్ వచ్చింది. నేను చూసి సర్టిఫికెట్ ఇస్తేనే ఓడ కదిలేది," అన్నాడు, ఉద్యోగం మీద విసుగు పుట్టినవాడి గొంతుతో. కాపలావాడు గొణుక్కుంటూ దారి వదిలాడు.

వెనక డెక్ మీద బావమరిది. నోట్లో గుడ్డలు కుక్కి, నడుముకి గొలుసు కట్టారు. డెక్ అంచున మనిషి ఇరుకుగా దూరేంత కన్నం గుండా ఆ గొలుసు రెండో కొస బయటికి పోయి, అక్కడ అంచు మీద నిలబెట్టిన పాత లంగరుకి చుట్టి ఉంది. ముసలి కెప్టెన్ వాచీ చూసుకుంటున్నాడు. పక్కనే ముత్యాల కమ్మలు, చంకలో మ్యాపుల గొట్టం.

మేడం చిలక కళ్ళని గుర్తుపట్టింది.

"ఆరింటికని కదా చెప్పాను," అంది నెమ్మదిగా.

"మీ దగ్గర చదువుకున్నవాణ్ణి మేడం. పదకొండుకే వచ్చాను."

ఓడ గంట మోగింది. కెప్టెన్ లంగరుని బూటుతో తన్నాడు. చిలక పొగ డబ్బా మూత పీకి నేలకేసి కొట్టాడు. కమ్ముకున్న తెల్లటి పొగలో గొలుసు గరగరా జారిపోతోంది. ఆ చప్పుడు వినిపించిన వైపుకే దూకి, చేతిలో ఉన్న ఎలుకల బోనుని గొలుసు జారే కన్నంలో కుక్కాడు. డిపార్ట్‌మెంట్ వర్క్‌షాప్ వాళ్ళు ఆ బోనులో కెమెరా, వైర్‌లెస్, ఇంకా ఏవేవో అమర్చారు. వాటిలో ఒక్కటీ పనిచేయలేదు. బోను మాత్రం పనిచేసింది. గొలుసు టక్కున బిగుసుకుంది. అప్పటికి బావమరిది పాదాలు కన్నానికి జానెడు దూరంలో ఉన్నాయి.

పొగ విడేసరికి చీఫ్ బోట్లు ఓడని చుట్టుముట్టాయి. కెప్టెన్ చేతులెత్తేశాడు. చిలక బావమరిది నోట్లో గుడ్డలు లాగాడు.

"బావా, అక్కకి చెప్పకు," అన్నాడు వాడు మొట్టమొదట.

"ముందు ఊపిరి పీల్చుకోరా!"

మేడం చేతులకి బేడీలు పడ్డాయి. "ఎలా తెలిసింది?" అంది. చిలక కోటులోంచి నోట్‌బుక్ తీసి పేజీ చూపించాడు. తన దస్తూరీనే ఆమె చాలాసేపు చూసింది.

"ఇంకా దాచుకున్నావా దీన్ని?"

"మీరు దిద్దింది కదా. పారేయబుద్ధి కాలేదు."

"నువ్వు నా బెస్ట్ స్టూడెంట్‌వి చిలకా. ఆ మాట మాత్రం అబద్ధం కాదు."

ఇన్నాళ్ళూ ఏ మాట అర్థం కాకపోయినా చిలక ఈవిడనే అడిగేవాడు. ఈ మాట నమ్మాలో వద్దో ఎవరిని అడగాలి?

"అయితే ఆ అర మార్కు వేసేయండి," అన్నాడు చివరికి.

ఆమె నిజంగానే పెన్ను కోసం బేడీల చేతులు చాపింది. చీఫ్ తల అడ్డంగా ఊపాడు. సోదాలో ఎర్ర పెన్నులోంచి ట్రాన్స్‌మిటర్ బయటపడింది, అప్పటికే పెన్నుని ఎవిడెన్స్ కవరులో పెట్టి సీలు వేసేశారు. కేసు తేలేదాకా చిలక ఆ అర మార్కు తక్కువ మనిషే.