చెయ్యి తీశాను, కొట్టు

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. బానెట్ కింద ఒకడు పని చేస్తుంటే, స్టీరింగ్ ముందు కూర్చున్నవాడు ఇంజన్ స్టార్ట్ చెయ్యడానికి సెల్ఫ్ కొట్టే ముందు "కొట్టనా?" అని అడగాలి. పనిలో ఉన్నవాడు చేతులు బయటికి తీసి, "చెయ్యి తీశాను, కొట్టు" అని పూర్తిగా అనాలి. ఉత్త "ఊఁ" అంటే కుదరదు. "సరే" అన్నా కుదరదు. ఈ పద్ధతి పెట్టింది మా బావ, అంటే మా అక్క మొగుడు. షెడ్డు ఇద్దరిదీ, పెత్తనం మాత్రం ఆయనది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. రోజూ ఈ పాఠం అప్పజెప్పాలంటే ఒళ్ళు మండేది. "మనమేమన్నా నాటకం వేస్తున్నామా బావా" అని విసుక్కునేవాణ్ణి.

"బామ్మర్ది పోతే ఇంకో బామ్మర్ది ఉన్నాడు. చెయ్యి పోతే ఎక్కణ్ణుంచి తెచ్చుకోనురా" అని నవ్వేవాడు. ఆయనకి నోరు విప్పితే వెటకారమే.

ఆయన కుడిచెయ్యి విషయంలో మాత్రం నేను ఎదురు మాట్లాడను. డీజిల్ పైపు మీద రెండు వేళ్ళు ఆనించి ఏ ఇంజెక్టరు మొరాయిస్తోందో చెప్పేస్తాడు. ఊరవతల నుంచి కూడా ఆ చేతిని వెతుక్కుంటూ బళ్ళు వస్తాయి. మా రెండిళ్ళలో పొయ్యి వెలిగేది దాని మీదే. ఇది జరిగిన రోజు పొద్దున కూడా అక్క మాకు క్యారేజీ ఇస్తూ, "ఆయన్ని తొందరపెట్టకురా. నీ దురుసుతనమంతా ఇంటి దగ్గరే చూపించు" అంది.

మధ్యాహ్నం వానలో ఒక బూడిదరంగు డీజిల్ కారు తాడు కట్టుకుని వచ్చింది. లాక్కొచ్చిన డ్రైవర్ టీ తాగుతూ చెప్పాడు. వేరే షెడ్డులో టైమింగ్ బెల్ట్ మారుస్తుంటే పని సగంలో ఆగిపోయిందట. మెకానిక్ చెయ్యి లోపల ఉండగానే ఎవడో సెల్ఫ్ కొట్టాడట. ముందు చెయ్యి పోయింది, తర్వాత మనిషే పోయాడు.

"కొట్టినవాడు ఏమంటాడు?" అని అడిగాడు బావ.

"కొట్టమంటేనే కొట్టానంటాడు. ఇంకేమంటాడు?"

బావ నా వైపు తిరిగి, "విన్నావుగా. పద్ధతి లేని చోట అంతే" అన్నాడు.

డ్రైవర్ వెళ్ళిపోయాక బెల్ట్ కవర్ విప్పాం. గుప్పున వాసన కొట్టింది. పైకి మాడిన ఆయిల్ వాసన... దాని కింద ఇంకోటి, మాంసం కొట్టు వెనక కాలవ దగ్గర వచ్చేలాంటిది.

"ఎలుక చచ్చుంటుంది" అన్నాడు బావ. పుల్లీ పళ్ళ మధ్య ఏదో ఎండిపోయి ఇరుక్కుని ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీరితే ఊడి నేల మీద పడింది. గోరు. బొటనవేలి గోరంత ఉంది. అంచున నల్లటి గ్రీజు, మా గోళ్ళకి ఉన్నట్టే. బావ దాన్ని గుడ్డలో చుట్టి చెత్త డ్రమ్ములో పడేశాడు.

"ఎలుకే" అన్నాడు మళ్ళీ, నా మొహం చూడకుండా.

"బావా, దీన్ని వెనక్కి పంపేద్దాం."

"కారేం చేసిందిరా? తప్పు మనిషిది. పని కానివ్వు."

ఈ పనిలో కిటుకంతా మార్కుల్లో ఉంది. పైన ఒక పుల్లీ, కింద ఒక పుల్లీ. రెంటి మీదా గుర్తులుంటాయి. రెండూ కలిశాకే కొత్త బెల్ట్ ఎక్కించాలి. ఒక్క పన్ను అటూ ఇటూ అయినా ఇంజన్ లోపల ఇనుము ఇనుముతో కొట్టుకుని ముక్కలైపోతుంది. అందుకే ఇంజన్‌ని కింది నుంచి స్పానర్‌తో చేత్తోనే తిప్పి చూసుకుంటాం. నేను టైరు ఊడదీసిన సందులో దూరి స్పానర్ పట్టుకున్నాను. బావ పైన నిలబడి మార్కు చూస్తున్నాడు.

"తిప్పనా?"

"చెయ్యి తీశాను, తిప్పు."

బలమంతా వేసి లాగాను. పైన బావ కెవ్వున అరిచాడు.

బయటికి వచ్చి చూస్తే వేలి కొస తోలు లేచిపోయి నెత్తురు కారుతోంది. "ఎవడ్రా నిన్ను తిప్పమన్నది?" అన్నాడు పళ్ళు కొరుకుతూ.

"నువ్వే అన్నావుగా."

"నేను నోరే తెరవలేదు."

ఆయన వేళాకోళం ఆడుతున్నాడనుకున్నాను. నేను తొందరపడి అబద్ధమాడుతున్నాననుకున్నాడు ఆయన. ఇంకో రోజైతే షెడ్డు ఎగిరిపోయేలా పోట్లాడేవాణ్ణి. అక్క మాట గుర్తొచ్చి నోరు కట్టుకున్నాను. బావ వేలికి గుడ్డ చుట్టుకుని మళ్ళీ వంగాడు.

వాన పెరిగింది. రేకుల మీద ఒకటే మోత. బెల్ట్ ఎక్కింది. దాన్ని బిగుతుగా పట్టి ఉంచే టెన్షనర్ బిగించాం. చేత్తో తిప్పి చూస్తే మార్కులు చక్కగా కలిశాయి. ఇక కవర్ మూసే ముందు ఒకసారి స్టార్ట్ చేసి బెల్ట్ పరుగు చూడాలి. నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను. బానెట్ లేచి ఉంది కాబట్టి ఎదురుగా ఏమీ కనిపించదు. కింద సన్నటి సందులోంచి బావ నీలం చొక్కా ఒక్కటే కనిపిస్తోంది.

"కొట్టనా?"

రేకుల మీద వాన.

"బావా, కొట్టనా?"

"చెయ్యి తీశాను, కొట్టు."

ఈసారి నేను నమ్మలేదు. ఇందాకటి నెత్తురు ఇంకా కళ్ళలోనే ఉంది. "రెండు చేతులూనా?" అని అడిగాను.

"రెండూ తీశానురా బామ్మర్దీ. మూడోది ఉంటే అదీ తీసేవాణ్ణి."

అచ్చం బావే. ఆ గొంతు, ఆ వెటకారం. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే తాళం తిప్పాను.

ఇంజన్ ఒక్కసారికే అందుకుంది. ఆ మోతలో ఇంకో చప్పుడు... పచ్చి కర్రలు విరుస్తున్నట్టు... ఒకదాని తర్వాత ఒకటి. అద్దం మీద ఎర్రగా చిమ్మింది. బావ అరుపు అప్పుడు వినిపించింది. అది మనిషి అరుపులా లేదు.

తాళం వెనక్కి తిప్పాను. ఆగలేదు. తాళం పీకేశాను. అది నా చేతిలో ఉంది... ఇంజన్ తిరుగుతూనే ఉంది. బానెట్ ఎగిరెగిరి పడుతోంది. లోపలికి లాగినప్పుడల్లా బావ తల దాని అంచుకి కొట్టుకుంటోంది. ఒకటి... ఇంకొకటి... ఆ అరుపు మీదుగా, అక్కడి నుంచే, తాపీగా అదే గొంతు.

"చెయ్యి తీశాను... రేస్ ఇవ్వు."

బ్రేకు తొక్కి, పెద్ద గేరు వేసి, క్లచ్ వదిలేశాను. కారు ఒక్క కుదుపు కుదిపి చచ్చింది. దూకి వెళ్ళి కత్తితో బెల్ట్ కోశాను. బావ నా మీద వాలిపోయాడు. నెత్తురు నా మోచేతుల మీంచి కారుతోంది. కుడి అరచెయ్యి నుజ్జయిపోయింది. బొటనవేలు, చూపుడువేలు మాత్రం ఉన్నాయి.

"ఆగమన్నానురా... గుడ్డ ముక్క ఇరుక్కుంటే తీస్తున్నా..." అని గొణిగాడు.

"నాకు వినపడలేదు బావా."

"ఎలా వినపడుతుంది... నోరు మూశాడుగా..."

అప్పుడు చూశాను. ఆయన మూతి మీద అడ్డంగా నల్లటి గ్రీజు. నాలుగు వేళ్ళ అచ్చు. నా చేతులకి ఉన్నదంతా నెత్తురే.

ఆసుపత్రిలో డాక్టరుగారు మంచి మాటే చెప్పారు. "రెండు వేళ్ళలో రక్తం ఆడుతోంది. చెయ్యి నిలబెట్టడానికే చూస్తాం. కుదరకపోతే మిమ్మల్ని అడక్కుండా మాత్రం తియ్యం" అని లోపలికి వెళ్ళారు. అక్క పరుగున వచ్చి థియేటర్ తలుపు పక్కన బెంచీ మీద కూలబడింది. నన్ను తిట్టినా బాగుండేది. ఆ రెండు వేళ్ళున్నా చాలు, పైపు మీద ఆనించడానికి ఆ రెండే కదా అని నాకు నేను చెప్పుకుంటూ, వరండా చివర కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాను. నెత్తురు ఓ పట్టాన వదల్లేదు.

తిరిగి వచ్చేసరికి అక్క మొహం చేతుల్లో దాచుకుని ఏడుస్తోంది.

"అలా ఎలా అనగలిగావురా" అంది తలెత్తకుండా.

"ఏమన్నాను?"

"నర్సమ్మ తలుపు తీసి, మణికట్టు దాకా తీసెయ్యమంటారా అని అడిగింది. నాకు నోట మాటే రాలేదు. నా పక్కన కూర్చుని, నా భుజం మీద చెయ్యి వేసి... తియ్యండి అన్నావు. అంత తాపీగా."

"నేను కుళాయి దగ్గరున్నానక్కా."

అక్క తలెత్తింది. తడిసిన నా చేతుల్ని చూసింది. ఆమె భుజం మీద నల్లగా, నాలుగు వేళ్ళ అచ్చు.

థియేటర్ తలుపు మళ్ళీ కొంచెం తెరుచుకుంది. నర్సు మొహం బయటికి పెట్టింది.

"పైన కూడా బాగా దెబ్బతిందట. మోచేతి దాకా తీసెయ్యాల్సి వస్తుందట, అడగమన్నారు. తియ్యమంటారా?"

"వద్దు" అన్నాను. పరిగెత్తుకెళ్ళాను. "వద్దమ్మా, వద్దు... ఇందాక తియ్యమన్నది కూడా నేను కాదు..."

ఆమె నా వైపు చూడనే లేదు. అక్క పక్కన ఖాళీగా ఉన్న చోటు వైపు చూసింది. విన్నట్టుగా తలూపింది.

"సరేనండీ" అని తలుపు వేసేసింది.